ఖర్జం గొంతుకు ఇంత పేరా? షాల్యాపిన్ గురించి తెలిసినవాళ్ళు చెప్పండి

తెనాలి_మేనల్లుడు · ఆదివారం, ఉదయం 7.10

అందరికీ నమస్కారం. మాది నాటకాల ఇల్లు. మా మేనమామ ముప్పై ఏళ్ళు హరిశ్చంద్ర వేషం కట్టాడు. ఆయన ఐదు శృతిలో పద్యం ఎత్తుకుంటే మైకు లేకుండా చెరువుగట్టు దాకా వినపడేదని మా ఊళ్ళో ఇప్పటికీ చెప్తారు. మగవాడు పాడాడంటే పైకి వెళ్ళాలి, అక్కడ నిలబడాలి, కింద జనం ఒన్స్ మోర్ అని అరవాలి. నేను పెరిగిన లెక్క ఇది.

మొన్న రాత్రి నిద్రపట్టక యూట్యూబ్ తిప్పుతుంటే పాత రష్యన్ రికార్డు ఒకటి తగిలింది. గరగర మధ్యలోంచి, బావిలో ఎవరో నిలబడి మాట్లాడుతున్నట్టు ఒక గొంతు. పేరు చాలియాపిన్ అని ఉంది. ఒపేరాలో, అంటే వాళ్ళ పాటల నాటకాల్లో, బాస్ (మగగొంతుల్లో అన్నిటికన్నా కింద పాడే) గాయకుడట, ఇటలీ గాయకుడు కారూసోతో సమానంగా పేరు మోసినవాడట. నాకు అర్థం కానిది ఒకటే: అంత కింద పాడేవాడు కథానాయకుడు ఎలా అయ్యాడు? మన దగ్గర ఆ గొంతుంటే వీరబాహుడి వేషమో యముడి వేషమో ఇచ్చి సరిపెట్టేవాళ్ళు.

ఎడిసన్_రావు · ఆదివారం, ఉదయం 8.02

మేనల్లుడు గారూ, ముందు పేరు సంగతి. ఫ్రెంచివాళ్ళు వాళ్ళ పద్ధతిలో రాసిన స్పెల్లింగ్‌ని మనం ఇంగ్లీషులా చదివి చాలియాపిన్ చేశాం. అసలు పేరు ఫ్యోదోర్ ఇవానొవిచ్ షాల్యాపిన్. 1873లో వోల్గా ఒడ్డున కజాన్‌లో పుట్టాడు.

మీ అనుమానం న్యాయమైనదే. అక్కడ కూడా ప్రేమించేవాడు, నాయిక కోసం కత్తి దూసేవాడు టెనర్, అంటే పై గొంతు మగవాడు. బాస్‌కి దక్కేది ముసలి తండ్రి, పురోహితుడు, రాజు, సైతాను. మా ఆవిడ మాటల్లో, "టెనర్‌కి పెళ్ళికూతురు, బాస్‌కి పెట్టుడు గడ్డం."

అయితే రష్యన్ ఒపేరాలో లెక్క వేరు. ముసోర్గ్‌స్కీ రాసిన బోరిస్ గొదునోవ్‌లో నడిమధ్యన నిలబడేది బాస్ గొంతే. సింహాసనం కోసం పసిపిల్లాణ్ణి చంపించిన పాపం తినేస్తుంటే లోపల్లోపల కూలిపోయే జారు, అంటే రష్యా చక్రవర్తి, కథ అది. (చరిత్రలో బోరిస్ నిజంగా చంపించాడా లేదా అన్నది వేరే తగువు.) ఆ పాత్రని రష్యా బయట ప్రపంచానికి చూపించింది షాల్యాపిన్.

సంగీతం_టీచరమ్మ · ఆదివారం, ఉదయం 9.40

"అంత కింద" అంటే ఎంత కిందో మన లెక్కలో చెప్తాను. ఒకటో శృతిలో మగగొంతు షడ్జమం పెట్టుకోండి. బాస్ గాయకుడు మంద్ర గాంధారం నుంచి తార గాంధారం దాకా పాడాలి. అంటే రెండు స్థాయిలు. మన కచేరీల్లో మగవాళ్ళు తిరిగే చోటికి మరీ దూరమేం కాదు. ఐదు శృతి హరిశ్చంద్రుడి పక్కన పెట్టి వింటున్నారు కాబట్టి మీకు బావిలా ఉంది.

ఇంకో మాట. షాల్యాపిన్ నిజానికి మరీ లోతు గొంతువాడు కాడు. రష్యన్ చర్చి బృందాల్లో అక్తవిస్తులని ఉంటారు, మామూలు బాస్‌కి ఇంకో స్థాయి కిందకి దిగుతారు. వాళ్ళ పక్కన ఈయన గొంతు తేలిక. రుబిన్‌స్టైన్ రాసిన డీమన్ లాంటి బారిటోన్ (బాస్‌కి పైన, టెనర్‌కి కింద ఉండే గొంతు) పాత్రలు కూడా పాడాడు. కాబట్టి లోతు చూసి పేరొచ్చిందనుకుంటే పొరపాటు.

తెనాలి_మేనల్లుడు · ఆదివారం, ఉదయం 10.05

సరే టీచరమ్మ గారూ, ఒప్పుకున్నాను. మరి వినపడటం మాటేమిటి? మా వాళ్ళు పై శృతి పట్టిందే వెనక వరుసకి వినపడాలని. అక్కడ కింద అరవై డెబ్భై వాయిద్యాలు మోగుతుంటే మైకు లేకుండా మంద్రంలో పాడితే ఎవరికి చేరుతుంది?

ఫిజిక్స్_మాస్టారు · ఆదివారం, మధ్యాహ్నం 12.30

ఇది నా పేట. వాయిద్య బృందం మోతంతా 500 హెర్ట్జ్ (సెకనుకి అన్ని కంపనాలు) చుట్టుపక్కల ఎక్కువ, పైకి పోయేకొద్దీ తగ్గుతుంది. సాధన చేసిన ఒపేరా మగగొంతులో మాత్రం 3000 హెర్ట్జ్ దగ్గర ఒక దిబ్బ లేస్తుంది. స్వీడన్‌కి చెందిన జోహాన్ సుంద్‌బెర్గ్ దీన్ని బాగా పరిశోధించాడు. స్వరపేటికకి కాస్త పైన గొంతుగొట్టం సన్నబడి, దాని పైనుండే గొంతు భాగం విశాలం అయితే ఆ దిబ్బ వస్తుంది. మన చెవికి అతి చురుకైన జాగా కూడా సరిగ్గా అదే, 2000 నుంచి 4000. అంటే పాడే స్వరం కిందే ఉన్నా, దానితో పాటు పుట్టే పై స్థాయి ధ్వనులు వాయిద్యాలు లేని సందులోంచి దూరి వెనక సీటు చేరతాయి. గట్టిగా అరవడం కాదు, సందు చూసుకుని వెళ్ళడం. బస్టాండులో సోడాలమ్మేవాడి కేక కూడా జనం హోరులో వినపడుతుంది కదా, చెవికి సంబంధించినంత వరకు పని చేసేది ఈ సూత్రమే.

మీ మామయ్య గారి గొంతులోనూ ఆ మెరుపు ఉండే ఉంటుంది. ఒట్టి శృతి పెంచినంత మాత్రాన చెరువుగట్టు చేరదు.

ఎడిసన్_రావు · ఆదివారం, రాత్రి 9.15

సరే, మనిషి కథలోకి వస్తాను. పెద్దదే, ఓపిక పట్టండి.

తండ్రి పల్లెటూరి రైతు కుటుంబం నుంచి వచ్చి ఆఫీసులో గుమాస్తా అయినవాడు. తాగేవాడు, కొట్టేవాడు. పిల్లవాణ్ణి చెప్పులు కుట్టే పనిలో పెట్టాడు. చదువు అంతంతమాత్రం. చర్చి బృందంలో పాడుతూ నాలుగు డబ్బులు తెచ్చేవాడు. 1890లో ఉఫాలో ఒక నాటక బృందంలో చేరాడు. ఒకరోజు పాడాల్సినవాడు రాలేకపోతే మొన్యూష్కో రాసిన హల్కా ఒపేరాలో పెద్దాయన వేషం ఇతనికి తగిలించారు. పాట బాగానే అయింది. వెనక్కి అడుగులేసి దర్జాగా కూర్చోబోతే కుర్చీ లేదు! ఇంత పొడుగు మనిషి స్టేజీ మీద వెల్లకిలా. ఆ తర్వాత చాలా ఏళ్ళు కుర్చీ ఉందో లేదో వెనక్కి తిరిగి చూసుకోకుండా కూర్చోలేదని తనే రాసుకున్నాడు.

కొన్నాళ్ళకి తిండి లేక తిఫ్లిస్‌లో తేలాడు, అంటే ఇప్పటి త్బిలిసీ. రైల్వే లెక్కల ఆఫీసులో గుమాస్తా పని. అక్కడ దిమిత్రీ ఉసాతోవ్ అని, మాస్కో బల్షోయ్ నాటకశాలలో టెనర్‌గా చేసి దిగినాయన, గొంతు విని రూపాయి తీసుకోకుండా పాఠం చెప్పాడు. పాఠం ఒక్కటే కాదు, భోజనం పెట్టాడు, బట్టలిచ్చాడు, స్నానం చేసి రమ్మన్నాడు, బల్ల దగ్గర ఎలా తినాలో నేర్పాడు. షాల్యాపిన్ జీవితంలో గురువు అన్నది ఈయనొక్కడినే. నేర్చుకున్నది ఏడాది మించి లేదు. 1893లో తిఫ్లిస్ ఒపేరాలోనే ఐదా, ఫౌస్ట్ లాంటివి పాడుతున్నాడు.

తర్వాత పీటర్స్‌బర్గ్‌లో మరీన్‌స్కీ రాజనాటకశాల. ఉద్యోగం పెద్దదే, పాత్రలు చిన్నవి. 1896లో నీజ్నీ నోవ్‌గొరొద్ ప్రదర్శనకి వెళ్ళినప్పుడు సావా మామంతోవ్ కంటబడ్డాడు. రైలు మార్గాలు వేసిన ధనవంతుడు, మాస్కోలో సొంత ఒపేరా నడిపేవాడు. రాజనాటకశాలని మధ్యలో వదిలినందుకు కట్టాల్సిన జరిమానాలో సగం ఆయనే భరించాడు. అక్కడ వాద్యబృందం నడిపే కుర్రాడు రహ్మానినోవ్, తెరలు గీసేవాళ్ళు కొరోవిన్, వ్రూబెల్. చదువుకోనివాడికి అదే విశ్వవిద్యాలయం.

తెనాలి_మేనల్లుడు · ఆదివారం, రాత్రి 9.50

కుర్చీ సంగతి చదివి మా మామ గుర్తొచ్చాడు. కాటి సీనులో కర్ర విరిగి పడబోయి, అదే ఊపులో మోకాళ్ళ మీద కూలి పద్యం అందుకున్నాడట. జనం అభినయమనుకున్నారు.

రావు గారూ, ఇదంతా విన్నాక కూడా నా ప్రశ్న అలాగే ఉంది. గొంతు లోతు కాదన్నారు, చదువు ఏడాదే అన్నారు. మరి ఏముంది అతనిలో?

ఎడిసన్_రావు · సోమవారం, ఉదయం 6.20

ఒక సంఘటన చెప్తాను, నాకు తెలిసినంతలో మీ జవాబు అందులోనే ఉంది.

1896 చివర మామంతోవ్ దగ్గర రీమ్‌స్కీ-కోర్సకోవ్ రాసిన ప్‌స్కొవ్ పిల్ల కథ ఎత్తుకున్నారు. ఇందులో షాల్యాపిన్‌ది భీకర ఇవాన్ జారు వేషం. ఊరినంతా వణికించిన రాజు ఒక ఇంటి గడప దగ్గర ఆగి "రావచ్చా, వద్దా?" అంటాడు. అంతే మాట. రిహార్సల్‌లో మనవాడు దాన్ని కపటంగా, వెటకారంగా, మెత్తగా అన్నాడు. ఆ రాజు నక్కజిత్తులవాడని చదివాడు కదా. సీను చచ్చిపోయింది. ఏం చేసినా లేవదు. స్వరాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఏడుపొచ్చి కాగితాలు చించాడు కూడా. కింద కూర్చున్న మామంతోవ్ మెల్లిగా ఒక ముక్క అన్నాడు: కపటి ఉన్నాడు, దొంగ భక్తుడు ఉన్నాడు, భీకరుడేడీ?

అప్పుడు దాన్నే ఇనుప కర్రతో కొట్టినట్టు అన్నాడు. "రావచ్చా, వద్దా?" గది మొత్తం మారిపోయిందట, ఎదుటి నటులు కూడా తప్పనిసరిగా వేరేలా నిలబడాల్సి వచ్చిందట. అవే స్వరాలు, అదే శృతి, మారింది ఉచ్చారణలోని రంగు. మాటలో నిజం లేకపోతే స్వరం ఎంత శుద్ధంగా ఉన్నా అబద్ధమేనని ఆ రోజు తెలిసిందంటాడు.

సంగీతం_టీచరమ్మ · సోమవారం, ఉదయం 7.45

మనవాళ్ళు దీన్నే వాచికం, అంటే మాటతో అభినయం, అన్నారు. ఆంగికం (ఒంటితో), ఆహార్యం (వేషంతో), సాత్త్వికం (లోపలి భావంతో) కూడా ఆయన దగ్గర ఒక్క పనిగానే ఉండేవి. మేకప్ తనే వేసుకునేవాడు, వేషాల బొమ్మలు తనే గీసేవాడు. బోరిస్ కోసమైతే 1898 వేసవిలో క్ల్యుచెవ్‌స్కీ అనే పెద్ద చరిత్రకారుణ్ణి పట్టుకుని అడవిలో నడుస్తూ ఆ కాలపు కబుర్లు చెప్పించుకున్నాడు. ఆ ముసలాయన నడకమధ్యలో ఆగి, కుట్రదారు షూయ్‌స్కీ రాజుతో ఎలా మాట్లాడి ఉంటాడో అభినయించి చూపించాడట.

మీ మామయ్యగారి తరం మీద గౌరవం ఉంది కానీ మేనల్లుడు గారూ, ఒక నిష్ఠూరం. కొడుకు శవం ముందు భార్యాభర్తలుంటే, ఆయన రాగం అందుకుని ఐదు నిమిషాలు స్వరాలల్లి, జనం ఈల వేస్తే మళ్ళీ మొదలెడితే అక్కడ శవం ఎవరికి గుర్తుంటుంది?

తెనాలి_మేనల్లుడు · సోమవారం, ఉదయం 8.10

టీచరమ్మ గారూ, అది అనకండి. ఆ రాగంలోనే ఏడిచేవాళ్ళు ఊళ్ళో. మా అమ్మమ్మకి పద్యం అర్థం ముందే తెలుసు. ఏడవడానికి ఆవిడకి కావలసింది రాగమే. మాటతో ఏడిపించడం ఒక దారి, మాట అయిపోయాక ఏడిపించడం ఇంకో దారి. మీరు చెప్పే షాల్యాపిన్ దారి గొప్పదే కావచ్చు, మా దారి మోసం మాత్రం కాదు.

సంగీతం_టీచరమ్మ · సోమవారం, ఉదయం 8.31

ఈ మాటకి నా దగ్గర జవాబు లేదు. ఉంచండి.

ఓరుగల్లు_పోరడు · సోమవారం, మధ్యాహ్నం 1.15

అందరికి దండాలు. మా బాపు విశాలాంధ్ర బండి దగ్గర గోర్కీ పుస్తకాలు కొనుక్కొచ్చి సదివిన మనిషి. గా పుస్తకాలల్ల ఈ షాల్యాపిన్ పేరు నేను చిన్నప్పుడే ఇన్న. గోర్కీకి జిగ్రీ దోస్తు. చిన్నప్పుడు కజాన్‌ల ఇద్దరు ఒకటే బృందంల పాటకు పరీక్షకు పోతే గోర్కీని తీస్కున్నరట, షాల్యాపిన్‌ని గొంతు లేదని ఎల్లగొట్టిన్రట. నిజమో కాదో గని నవ్వొస్తది.

గని ఒకటి అడుగుత రావన్నా. 1905ల కార్మికుల పాట స్టేజి మీద పాడిన మనిషే, 1911ల జారు ముంగట మోకాళ్ళ మీద కూసున్నడు గద. అది చెప్తలేరు మీరు.

ఎడిసన్_రావు · సోమవారం, సాయంత్రం 6.40

దాచట్లేదు తమ్ముడూ, వస్తున్నాను. 1911 జనవరి, మరీన్‌స్కీలో బోరిస్ గొదునోవ్. రెండో నికోలాస్ బాక్స్‌లో ఉన్నాడు. కోరస్‌వాళ్ళకి డబ్బు విషయంలో గోడు ఉంది, దాన్ని జారుకి చెప్పుకోవాలని ముందే అనుకుని, తెర లేవగానే రాజగీతం పాడుతూ మోకరిల్లారు. షాల్యాపిన్ స్టేజీ మీద చిక్కుకున్నాడు. వెనక దారి మూసుకుపోయింది. తనూ మోకరిల్లాడు. తనకి ముందు చెప్పలేదని ఆయన వాదన.

ఆ తర్వాత పడ్డ తిట్లు ఇన్నీ అన్నీ కావు. ఆయన నిలువెత్తు బొగ్గు చిత్రం గీసిన సెరోవ్ స్నేహం తెంచుకున్నాడు, అదే ఏడు చివర్లో చనిపోయాడు, మళ్ళీ కలవలేదు. మార్క్సిస్టు నాయకుడు ప్లెఖానోవ్ తన దగ్గరున్న ఆయన ఫొటో తిప్పి పంపాడు. గోర్కీ కూడా మండిపడ్డాడు, తర్వాత ఇటలీలోని కాప్రీ దీవిలో రాజీ అయింది. 1916లో క్రిమియాలో గోర్కీ కూర్చుని ఈయన చేత ఆత్మకథ చెప్పించి రాయించాడు.

ఓరుగల్లు_పోరడు · సోమవారం, రాత్రి 8.05

చుట్టుతా అందరు కూసున్నంక ఒక్కడు నిలవడితె అది పెద్ద సాహసమే గద. అందరి లెక్కనే కూసున్నడు. మనిషన్నంక భయమైతది, ఒప్పుకుంట. గని గొప్పోడంటే మనం ఇంకింత అడుగుతం.

కోనసీమ_కాలవ · సోమవారం, రాత్రి 8.22

అబ్బాయ్, పొట్టకోసం పాడేవాడి మీద మనకెందుకు ఇంత కచ్చ? మన నటులు జమీందారుల ముందు ఎన్నిసార్లు వంగి దండం పెట్టలేదు?

ఓరుగల్లు_పోరడు · సోమవారం, రాత్రి 8.30

కాకా, మా దిక్కు ఆ దొరల ముంగట వంగనోళ్ళ పాటలే ఇన్నం మేము పెద్దగై.

మోడరేటర్ · సోమవారం, రాత్రి 8.47

ఇద్దరికీ మనవి: జమీందారులూ దొరలూ వేరే దారంలోకి. ఇక్కడ షాల్యాపిన్.

ఎడిసన్_రావు · మంగళవారం, ఉదయం 6.05

విప్లవం వచ్చాక 1918లో "ప్రజా కళాకారుడు" బిరుదు మొట్టమొదట ఇచ్చింది ఈయనకే. ఆకలి రోజులు, పిండికీ గుడ్లకీ కచేరీలు చేశాడు. ఊరికే పాడేవి పిట్టలొక్కటే అన్న మాట ఆయన పేరు మీద ఇప్పటికీ తిరుగుతుంది. 1922లో విదేశీ యాత్రకని బయల్దేరి ఇక తిరిగి వెళ్ళలేదు. 1927లో పారిస్‌లో కాందిశీక రష్యన్ పిల్లలకని ఒక చర్చి గురువు చేతిలో 5000 ఫ్రాంకులు పెట్టాడు. విప్లవ శత్రువులకి సాయం చేశాడని మాస్కోలో బిరుదు లాగేశారు. 1938 ఏప్రిల్ 12న పారిస్‌లోనే రక్త కాన్సర్‌తో పోయాడు. 1984లో ఎముకలు తెచ్చి మాస్కో నవదేవిచి శ్మశానంలో పూడ్చారు. బిరుదు తిరిగిచ్చింది మాత్రం 1991లో. అంటే శవం ముందొచ్చింది, క్షమాపణ ఏడేళ్ళు ఆలస్యం.

పోరడు తమ్ముడికి: జారుకి మోకరిల్లాడని వామపక్షం తిట్టింది, పసిపిల్లలకి డబ్బిచ్చాడని ప్రభుత్వం తిట్టింది. డబ్బు మనిషే, కోపిష్ఠి, వాద్యబృందం నడిపేవాడితో స్టేజీ మీదే తగువు పడేవాడు. అవి నేను కాదనను. కానీ పిల్లల డబ్బు విషయంలో నా ఓటు ఆయనకే.

ఓరుగల్లు_పోరడు · మంగళవారం, ఉదయం 7.30

గది నేను సుత ఒప్పుకుంట అన్నా. పోరగాండ్లకు ఇచ్చిందాంట్ల తప్పేంది.

కోనసీమ_కాలవ · మంగళవారం, ఉదయం 9.00

వోల్గా పడవవాళ్ళ పాట ఎవరూ ఎత్తరేంటి? "ఏయ్ ఊఖ్నెం" అని వస్తుంది చూడండి. ఒడ్డున నడుస్తూ భుజానికి పట్టెడ వేసుకుని ఎదురు నీళ్ళలో బరువు పడవలు లాగేవాళ్ళ పాట. మా తాతయ్య చిన్నప్పుడు కాలవ గట్టున మనుషులు తాడుతో పడవలు లాగడం చూశాడు. మన హైలెస్సా ఎందుకు పుట్టిందో అదీ అందుకే: అందరి అడుగూ ఒక్కసారి పడాలి. షాల్యాపిన్ రికార్డులో పాట సన్నగా మొదలై, దగ్గరికొచ్చి, మన ముందునుంచి పోయి, దూరమైపోతుంది. మనం గట్టు మీద నిలబడ్డట్టే.

బెజవాడ_భోజనం · మంగళవారం, మధ్యాహ్నం 1.40

సీరియస్ చర్చలో తిండి తెచ్చినందుకు క్షమించాలి. 1936లో జపాన్ వెళ్ళినప్పుడు ఈయనకి పంటి నొప్పి. నమల్లేడు, మాంసం కావాలి. టోక్యో ఇంపీరియల్ హోటల్ వంటవాళ్ళు గొడ్డుమాంసం పల్చగా కొట్టి, ఉల్లిపాయ రసంలో ఊరేసి, మెత్తగా చేసి పెట్టారు. షాల్యాపిన్ స్టేక్ అని ఆ పేరుతోనే జపాన్‌లో ఇప్పటికీ వండుతారు. రష్యాలో అడిగితే ఎవరికీ తెలియదట.

ఫిజిక్స్_మాస్టారు · మంగళవారం, మధ్యాహ్నం 2.10

పిల్లలు కూడా తక్కువ తినలేదు. బొరీస్ అమెరికాలో టైమ్ పత్రికకి నాలుగు వందలకి పైగా ముఖచిత్రాలు గీశాడు. ఇంకో కొడుకు, తండ్రి పేరే ఫ్యోదోర్, హాలీవుడ్ నటుడు. ద నేమ్ ఆఫ్ ద రోజ్ సినిమాలో ఆ గుడ్డి ముసలి సన్యాసి ఆయనే.

తెనాలి_మేనల్లుడు · మంగళవారం, సాయంత్రం 5.30

అన్నీ చదివాను. మామకి వినిపిద్దామనుకుంటున్నాను. ఆయనకిప్పుడు 84, చెవులు మాత్రం బాగా ఉన్నాయి. దేనితో మొదలెట్టమంటారు?

ఎడిసన్_రావు · మంగళవారం, సాయంత్రం 6.00

1928లో లండన్ కోవెంట్ గార్డెన్‌లో బోరిస్ ఆడుతుండగానే నాటకశాల నుంచి రికార్డు చేశారు. అందులో గడియారం సీను పెట్టండి. చచ్చిన పిల్లాడు మూలన కనపడుతున్నాడని రాజు భ్రమపడతాడు. 1908లో ప్రదర్శనలు ఏర్పాటు చేసే దియాగిలెవ్ ఈ నాటకాన్ని పారిస్ తీసుకెళ్ళినప్పుడు చివరి రిహార్సల్‌కి సామాను సిద్ధం కాలేదు. షాల్యాపిన్ వేషం లేకుండా, మామూలు కోటుతో చేశాడు. "అదేమిటి, ఆ మూల కదులుతోంది" అన్నప్పుడు కింద కొందరు లేచి నిలబడి ఆ మూలకి చూశారు. చూసినవాళ్ళలో చాలామందికి రష్యన్ ఒక్క ముక్క రాదు. మామగారికి కథ ముందు చెప్పకండి.

తెనాలి_మేనల్లుడు · గురువారం, రాత్రి 9.25

పెట్టాను. కథ చెప్పలేదు. కళ్ళు మూసుకుని విన్నాడు. మధ్యలో ఒకచోట, పాట ఆగిపోయి ఒట్టి ఊపిరీ మూలుగూ మాత్రం మిగిలే చోట, చెయ్యెత్తి నన్ను మాట్లాడొద్దన్నాడు.

అయిపోయాక, "పద్యం ఎత్తుకోకుండానే దిగిపోయాడేంట్రా" అన్నాడు. తర్వాత చాలాసేపు ఏమీ అనలేదు. కాఫీ తాగి గ్లాసు కింద పెడుతూ, "ఊపిరి ఎక్కడ తీస్తున్నాడో దొరకట్లేదు. ఎవరిదో పీక పట్టుకున్నట్టు వదుల్తున్నాడు. మళ్ళీ పెట్టు, ఈసారి పాట వినను, అది వింటాను" అన్నాడు.

నాలుగుసార్లు పెట్టించాడు. ఇంకా దొరకలేదంటున్నాడు. టీచరమ్మ గారూ, మీకేమైనా తెలిస్తే చెప్పండి, రేపు పొద్దున్నే అడుగుతాడు.

సంగీతం_టీచరమ్మ · గురువారం, రాత్రి 9.58

ముప్పై ఏళ్ళుగా పాఠం చెప్తున్నాను, నాకూ రెండు చోట్ల దొరకలేదు. మామయ్య గారికి ముందు దొరికితే నాకు ఫోన్ చెయ్యమనండి.